గేటు దగ్గర ఆగిన గంటలు

(చిత్తూరులో లారీ డ్రైవర్లు, క్లీనర్లు, వారి కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అన్నలకు, తమ్ముళ్లకు, ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడినవాళ్లు వచ్చి కూర్చోండి. రాత్రంతా బండి నడిపి నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు కొందరున్నారని చెప్పారు. కునుకు పడితే పడనివ్వండి. మీకు ఎంత నిద్ర బాకీ ఉందో నాకు తెలుసు. నేను లారీ డ్రైవరు కూతురిని.

2025 జూన్ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. తోతాపురి మామిడి విరగకాసింది, ధర కుప్పకూలింది. కిలోకు 12 రూపాయలు దక్కేలా చూస్తామని, అందులో ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇస్తే తాము 4 రూపాయలు కలుపుతామని ప్రభుత్వం ప్రకటించింది. అయినా గుజ్జు ఫ్యాక్టరీల గేట్లు చప్పున తెరుచుకోలేదు. రోడ్డు పొడవునా ట్రాక్టర్లు, లారీలు బారులు తీరాయి. ఒక సాయంత్రం నేను ఆ దారిన వెళుతూ ఒకచోట ఆగాను. కాయ మెత్తబడి రసం బండి అడుగు నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆ తడి తగలని వైపు టార్పాలిన్ పట్టా పరుచుకుని, లారీ కిందే ఒక డ్రైవరు పడుకుని ఉన్నాడు. వయసు నా తమ్ముడంత ఉంటుంది.

"ఎన్నాళ్లయింది వచ్చి?" అని అడిగాను.

"ఇది రెండో రాత్రి అమ్మా."

"మరి ఈ రెండు రాత్రులకు ఏమిస్తారు?"

అతను నన్ను వింతగా చూశాడు. "ట్రిప్పుకు మాట్లాడుకున్నాం కదమ్మా, రాత్రులకు ఏమిస్తారు?" అన్నాడు.

ఆ రోజుల్లో పత్రికలన్నీ రైతు నష్టం గురించి రాశాయి. రాయాల్సిందే. ఏడాది కష్టం కళ్లముందే కుళ్లిపోతుంటే ఆ బాధ మామూలుది కాదు. కానీ ఆ వరసలో ప్రతి స్టీరింగు వెనకా ఒక మనిషి ఉన్నాడు. అతని రెండు రాత్రులు ఏ లెక్కలోకీ ఎక్కలేదు. అడగవచ్చన్న ఆలోచన అతనికే రాలేదు. నా మనసులో ముల్లులా దిగింది అదే. ఈరోజు మాట్లాడాలనుకున్నది కూడా దాని గురించే.

మన దగ్గర డ్రైవరు జీతాన్ని నెలల్లో కొలవరు, గంటల్లో అసలే కొలవరు. ట్రిప్పులో కొలుస్తారు, కొన్నిచోట్ల కిరాయిలో వాటాగా కొలుస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. ఎంత తిరిగితే అంత సంపాదన అంటారు. ఒక లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు నేను అనుకున్నవే, మీ అంకెలు మీరు పెట్టుకోండి. చిత్తూరు నుంచి చెన్నై ఓడరేవుకు ఒక ట్రిప్పు, 1,500 రూపాయలు. బండి నడిపేది పోవడానికి ఐదు గంటలు, రావడానికి ఐదు గంటలు. మొత్తం పది. గంటకు 150 రూపాయలు వచ్చినట్టే ఉంది కదా? కానీ లోడింగుకు ఆరు గంటలు పట్టింది. తాళ్లు బిగించి పట్టా కప్పింది మీరే. అక్కడ గేటు ముందు పద్నాలుగు గంటలు ఆపారు. ఇప్పుడు మొత్తం ముప్పై గంటలు. గంటకు 50 రూపాయలు. అందులో మీ భోజనాలకు, టీలకు, స్నానానికి 400 పోతే చేతిలో మిగిలేది గంటకు 37 రూపాయల లోపే. దారిలో టైరు పంక్చరైతే, అన్‌లోడింగులో హమాలీలు ఎక్కువ అడిగితే, తరుగు పేరుతో కొంత కోస్తే, ఆ 37 కూడా నిలవదు.

సరుకు విషయంలో మాత్రం ఈ దేశంలో గడియారం చాలా కచ్చితంగా పనిచేస్తుంది. సరుకుతో పాటు బండిలో ఉండాల్సిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు చూడండి. 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. 2021 జనవరి ముందు 100 కిలోమీటర్లకు ఒక రోజు ఉండేది. గడువు దాటితే సరుకునూ బండినీ ఆపేయవచ్చు. అంటే మామిడి గుజ్జు డ్రమ్ము ఏ రోజులోగా చేరాలో చట్టానికి తెలుసు. ఆ డ్రమ్మును మోసుకెళ్లే మనిషి ఎన్ని గంటలు మేలుకున్నాడో మాత్రం ఏ బిల్లులోనూ ఉండదు.

నిజానికి చట్టం లేక కాదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. నా పుట్టుకకు చాలా ముందు. అందులో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని రాశారు. దూరప్రయాణాలకు అనుమతి తీసుకుని రోజుకు పది, వారానికి యాభై నాలుగు వరకు వెళ్లవచ్చన్నారు. ఐదు గంటలు వరసగా పనిచేశాక కనీసం అరగంట విరామం ఇవ్వాలన్నారు. అదనపు గంటలకు రెట్టింపు జీతం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను ఇంకో మాట చేర్చింది. రవాణా వాహనం నడిపే ఎవరికైనా పని గంటలు ఈ 1961 చట్టం చెప్పినట్టే ఉండాలని.

ఇక్కడ కాస్త ఆగి, ఆ చట్టంలో పని గంటలంటే ఏమిటో చూద్దాం. ఇది మీరందరూ వినాల్సిన సంగతి. స్టీరింగు పట్టుకున్న సమయమే పని అని చట్టం అనలేదు. కార్మికుడు యజమాని చెప్పుచేతల్లో ఉన్న సమయం అంది. బండి నడిపే సమయంతో పాటు అనుబంధ పనులనూ లెక్కలో చేర్చింది. లెక్కలు అప్పజెప్పడం, రిజిస్టర్లలో సంతకాలు పెట్టడం, బండిని తీసుకోవడం, తిరిగి షెడ్డులో పెట్టడం, బండి బాగోగులు చూడడం, లోడింగు, అన్‌లోడింగు, అన్నీ అందులో ఉన్నాయి. అరవై ఏళ్ల కిందటే! మీరు పట్టా కట్టిన గంట కూడా పని గంటే. కానీ అదే చోట ఒక సందు కూడా వదిలారు. బండి బయలుదేరే చోట, చేరే చోట ఊరికే వేచి ఉండే సమయం పదిహేను నిమిషాల లోపు ఉంటే పనిలోకి వస్తుందని రాశారు. పదిహేను నిమిషాలు! ఊరి బస్టాండులో బస్సు ఆగే తీరును చూసి రాసిన మాట అది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు రెండు రాత్రులు ఆగే లారీ ఆ రాసినవాళ్ల ఊహలోకి వచ్చి ఉండదు. ఆ సందులోంచే మీ రాత్రులు జారిపోతున్నాయి. గేటు ముందు ఉన్నప్పుడు మీరు బండిని వదిలి వెళ్లగలరా? వరస కదిలినప్పుడల్లా లేచి పది అడుగులు ముందుకు జరపాలి. సరుకుకు కాపలా కాయాలి. అది ఊరికే వేచి ఉండడం ఎలా అవుతుందని మనం ప్రతి వేదిక మీదా అడగాలి.

ఆ 1961 చట్టం ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన ఈ నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత చట్టం ఐదుగురు కార్మికులున్న రవాణా సంస్థకు వర్తించేది. ఆ నాలుగింటిలో ఒకటైన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. మన జిల్లాలో లారీలున్నవాళ్లు ఎందరు? ఒకటి, రెండు, నాలుగు బండ్లు. బంగారం తాకట్టు పెట్టి, ఫైనాన్సు తీసుకుని కొన్నవాళ్లే ఎక్కువ. పదిమందిని పనిలో పెట్టుకున్న ఓనరు ఎక్కడో ఒకరు ఉంటారు. ఈ మార్పు మీకు మేలు చేసేది కాదని నేను సూటిగా చెబుతున్నాను. అయితే వేతనాల కోడ్ సంగతి వేరు. దానికి అలాంటి హద్దు లేదు. ఒక్క బండి ఉన్న ఓనరు దగ్గర పనిచేసినా కనీస వేతనం మీ హక్కు.

చిన్న ఓనర్ల గురించి ఒక మాట. నేను వాళ్లను తిట్టడానికి రాలేదు. వాళ్లలో చాలామంది నిన్నటి డ్రైవర్లే. కిరాయిలో బ్రోకరు తన కమీషను ముందే తీసుకుంటాడు, మిగతా బ్యాలెన్సు నెలల తరబడి అందదు, వాయిదా తేదీ మాత్రం ఆగదు. పైనుంచి పడే ఒత్తిడిని వాళ్లు కిందికి నెడుతున్నారు. కింద ఉన్నది మీరు. మీ కింద క్లీనరు. గేటు ముందు బండిని రెండు రోజులు ఆపిన ఫ్యాక్టరీ హాల్టింగ్ ఛార్జీ కడితే, అందులోంచి మీకు రాత్రి బత్తా ఇవ్వడానికి చాలామంది ఓనర్లు వెనుకాడరు. ఆ డబ్బు అడగాల్సిన చోట ఓనరు, డ్రైవరు కలిసి నిలబడవచ్చు.

నాకు కోపం తెప్పించేది ఇంకో పద్ధతి. ఈమధ్య నా దగ్గరికి వచ్చే కాగితాల్లో డ్రైవరు అన్న మాట కనిపించడం లేదు. ఒకచోట "భాగస్వామి" అంటారు. ఒకచోట "స్వతంత్ర కాంట్రాక్టరు". ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసి, కింద సంతకం పెట్టిస్తారు. కొన్నిచోట్ల బండినే డ్రైవరు పేరున రాస్తారు. "నువ్వే ఓనరువి, వాయిదాలు కిరాయిలోంచి మేమే పట్టుకుంటాం" అంటారు. కానీ ఆ బండికి లోడు వాళ్లే ఇవ్వాలి, వేరేవాళ్ల లోడు ఎక్కించకూడదు, ఏ దారిలో పోవాలో ఫోనులో వాళ్లే చెబుతారు. వాయిదా తప్పితే బండి వాళ్లది. టైరు పేలితే మాత్రం ఖర్చు మీది. ఓనరు అన్న పేరు మీకిచ్చి, నష్టాలన్నీ ఆ పేరుకు కట్టి పంపిస్తున్నారు.

ఇది మన ఊళ్లోనే పుట్టిన విద్య అనుకోకండి. అమెరికాలో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ ఓడరేవుల్లో 2008లో పొగ ఎక్కువ వదిలే పాత లారీలను ఆపడం మొదలుపెట్టారు. కొత్త లారీ కొనే స్తోమత అక్కడి డ్రైవర్లకు లేదు. కంపెనీలు కొత్త లారీలు తెచ్చి లీజుకు ఇచ్చి, వాయిదాలు వాళ్ల సంపాదనలోంచి కోశాయి. కాగితం మీద వాళ్లు కాంట్రాక్టర్లు. కొందరికి వారమంతా తోలినా చేతికి వచ్చింది సున్నా. కాలిఫోర్నియా కార్మిక కమిషనరు కార్యాలయం చాలా కేసుల్లో వాళ్లు ఉద్యోగులేనని తేల్చింది. తర్వాత 2019లో ఆ రాష్ట్రం ఒక చట్టమే చేసింది. ఒక మనిషిని కాంట్రాక్టరు అనాలంటే కంపెనీయే మూడు విషయాలు రుజువు చేయాలి. అతని పని మీద తన పెత్తనం లేదని, ఆ పని తన వ్యాపారానికి బయటిదని, అతనికి సొంతంగా నడిచే వ్యాపారం ఉందని. లారీల కంపెనీకి లారీ నడపడం తన వ్యాపారానికి బయటి పని అని ఎవరైనా ఎలా రుజువు చేస్తారు?

అదే ఏడాది జనవరిలో డొమినిక్ ఒలివేరా అనే డ్రైవరు కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. శిక్షణ పేరుతో తనతో పదివేల మైళ్లు జీతం లేకుండా తోలించారని, ఆ తర్వాత కాంట్రాక్టరుగా మార్చి తమ దగ్గరే లారీ లీజుకు తీసుకునేలా చేశారని అతని ఫిర్యాదు. కోర్టుకు వెళితే, ఒప్పందం ప్రకారం మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని కంపెనీ వాదించింది. అలాంటి ఒప్పందాలను అమలు చేయించే 1925 నాటి చట్టమే రవాణా కార్మికుల పని ఒప్పందాలను ఆ నియమం నుంచి తప్పించింది. "అతను మా ఉద్యోగే కాదు కదా, ఆ మినహాయింపు అతనికెలా వస్తుంది?" అంది కంపెనీ. ఆ చట్టం రాసిన రోజుల్లో పని ఒప్పందం అంటే పని చేస్తానని ఒప్పుకున్న ఏ ఒప్పందమైనా అదేనని, పేరు ఏదైనా ఒకటేనని ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు.

అంత దూరం పోనక్కరలేదు. మన సుప్రీంకోర్టు ఈ మాట అంతకన్నా ముందే చెప్పింది. 1973లో సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు. తెలంగాణ ప్రాంత దుకాణాల చట్టం కింద నడిచింది. దర్జీలకు గుడ్డకు ఇంత అని కూలి. వచ్చే వేళ, పోయే వేళ కచ్చితంగా లేదు. కొందరు గుడ్డ ఇంటికి తీసుకెళ్లి కుట్టి తెచ్చేవారు. వీళ్లు మా కార్మికులు కాదని యజమాని అన్నాడు. కోర్టు ఏం చూసింది? కుట్టుమిషన్లు ఎవరివి? కుట్టు బాగాలేదని తిప్పికొట్టే అధికారం ఎవరిది? రెండూ యజమానివే. కాబట్టి దర్జీలు ఉద్యోగులే. మిషను చోట లారీని, గుడ్డ చోట ట్రిప్పును పెట్టుకుని మీ సంగతి మీరే చూసుకోండి. 1978లో కేరళ నుంచి తాళ్ల ఫ్యాక్టరీ కేసు ఒకటి వచ్చింది. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నా, ఎవరు చేయి వెనక్కి తీసుకుంటే ఆ కార్మికుడి పొయ్యి ఆరిపోతుందో వాళ్లే అసలు యజమాని అన్న అర్థంలో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. తెర తీసి చూడమన్నారు. యాభై ఏళ్లు కావస్తున్నా మనం ఇంకా ఆ తెర దగ్గరే ఉన్నాం.

ఈ పేరు మార్పిడి జీతంతో ఆగిపోదు, అందుకే ఇంత చెబుతున్నాను. ప్రమాదం జరిగిన రోజున అసలు సంగతి బయటపడుతుంది. 1923 నాటి పరిహార చట్టంలో మోటారు వాహనం మీద పనిచేసే డ్రైవరు, హెల్పరు, మెకానిక్, క్లీనరు అని పేర్లతో సహా రాసి ఉండేది. ఇప్పుడది సామాజిక భద్రత కోడ్‌లో చేరింది. ఓనరు పేరున రిజిస్టరైన బండికి బీమా తీసుకున్నప్పుడు, బండి నడిపే ఉద్యోగికి కలిగే నష్టానికి కూడా రక్షణ ఉండాలి. బండి ఓనరే నడుపుతుంటే అతనికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరే ఉంది. మరి "కమీషన్ మీద నడిపే భాగస్వామి" ఎందులోకి వస్తాడు? బండి అతని పేరున లేదు కాబట్టి ఓనరు కాదంటారు. జీతం లేదు కాబట్టి ఉద్యోగి కాదంటారు. మొగిలి ఘాటులో బండి బోల్తా పడిన రాత్రి ఆ ఇంటి ఆడవాళ్లు ఈ రెండు కాదుల మధ్య నిలబడతారు.

మేమూ నిలబడ్డాం. 1994. నాన్న చిత్తూరు నుంచి బెల్లం లోడు తోలేవాడు. అంతకు ముందు ఏడాదే వానకు బెల్లం తడిసిందని ఆరు నెలల పాటు బత్తాలో కోశారు. చిరిగిన పట్టా ఓనరుదే. కొత్తది అడిగి అడిగి నాన్న విసిగిపోయాడు. అప్పుడు మాకెవరికీ తెలియదు, సరుకు నష్టానికి జీతం కోయాలంటే ముందు నాన్న అజాగ్రత్త రుజువు కావాలని, అతని సంజాయిషీ వినాలని. ఆ తర్వాత ఒక వేకువన లోడు మీద తాడు బిగిస్తుంటే తెగింది. పైనుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి వచ్చిన ఓనరు అమ్మ చేతిలో కొంత డబ్బు పెట్టి, "అతను నా దగ్గర జీతగాడు కాదమ్మా, కమీషను మీద తోలుకుంటున్నాడు" అన్నాడు. అమ్మకు ఆ మాట అర్థం కాలేదు. పదిహేనేళ్లు ఆ మనిషి బండి తప్ప ఇంకో బండి ఎక్కని భర్తను ఆమె ఏమనుకోవాలి?

నాన్నకు ఒక అలవాటు ఉండేది. చొక్కా జేబులో పట్టే చిన్న నోటు పుస్తకంలో ప్రతి ట్రిప్పూ రాసుకునేవాడు. తేదీ, ఊరు, లోడు, తీసుకున్న అడ్వాన్సు, డీజిల్, మామూళ్లు, మిగిలింది. లెక్క చూసినప్పుడల్లా ఓనరు కింద పొట్టి సంతకం చేసేవాడు. కార్మిక శాఖ కార్యాలయంలో ఆ పుస్తకం బల్ల మీద పెట్టిన రోజు మాట మారింది. ఏ లోడు ఎక్కడికి పోవాలో ఎవరు చెప్పారు, డీజిల్‌కు డబ్బు ఎవరిచ్చారు, లెక్క ఎవరు చూశారు, అని అధికారి అడిగారు. మూడింటికీ జవాబు ఆ సంతకమే చెప్పింది. పరిహారం వచ్చింది. రావాల్సినంత రాలేదు. ఎందుకంటే పరిహారాన్ని నెల జీతం మీద లెక్క కడతారు. పుస్తకంలో ట్రిప్పు డబ్బులే ఉన్నాయి. హైదరాబాదులో మూడు రోజులు, నాగపూరులో నాలుగు రోజులు అన్‌లోడింగుకు ఆగిన సంగతి ఎక్కడా లేదు. ఆ రోజులు పని కాదని నాన్న కూడా నమ్మాడు. రాయలేదు.

ఇప్పుడు మీకు నాన్నకు లేని సాక్ష్యాలు ఉన్నాయి. బండిని తూకం వేసిన కాటా చీటీ మీద సమయం పడుతుంది. డీజిల్ బిల్లు మీద పడుతుంది. ఫాస్టాగ్ కోత ప్రతిదీ సమయంతో సహా నమోదవుతుంది. ఆ మెసేజి ఓనరు ఫోనుకు పోతుంది కాబట్టి టోలు గేటు దాటిన సమయం మీరు రాసుకోండి. గేటు పాసు లోపలికి వెళ్లేటప్పుడు ఇస్తారు. బయట వరసలో ఎప్పుడు చేరారో అందులో ఉండదు. అందుకే వరసలో చేరగానే గేటు బోర్డు కనిపించేలా ఒక ఫోటో తీసి, ఇంట్లో అక్కకో చెల్లెలికో పంపండి. ఫోను పోయినా అది అక్కడ ఉంటుంది. లోడు ఎక్కించమని వచ్చిన వాయిస్ మెసేజిలు చెరిపేయకండి. ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇచ్చారో వాటికంటే బాగా చెప్పే కాగితం లేదు. అర్థం కాని ఇంగ్లీషు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఒక ప్రతి తీసుకుని నా దగ్గరికి గాని, మీకు తెలిసిన ఏ వకీలు దగ్గరికి గాని రండి.

వేతనాల కోడ్‌లో మీకు పనికొచ్చే రెండు విషయాలున్నాయి. బాకీ పడిన జీతం కోసం మూడేళ్ల లోపు అడగవచ్చు. జీతం ఇచ్చేశామని రుజువు చేయాల్సిన భారం యజమానిది, మీది కాదు. కానీ మీరు అతని దగ్గర పనిచేశారని, ఎంత పనిచేశారని చూపే చీటీ ముక్క మీ చేతిలో ఉండాలి.

అక్కచెల్లెళ్లు ఈ పని బాగా చేయగలరు. మా ఇంట్లో సెల్‌ఫోను లేని కాలంలో కూడా నాన్న ఎప్పుడు ఎక్కడున్నాడో అమ్మకు తెలిసేది. ఊళ్లో దుకాణానికి ఫోను చేసి చెప్పించేవాడు. ఆమె రాసి ఉంటే ఆ రోజులన్నీ లెక్కలోకి వచ్చేవి.

ద్వారం దగ్గర బల్ల మీద నోటు పుస్తకాలు పెట్టించాను. చొక్కా జేబులో పట్టేవే. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. నాన్న పుస్తకంలో ఉన్న గడులే గీయించాను, రెండు గడులు మాత్రం కొత్తవి. ఒకటి, గేటు దగ్గరికి చేరిన సమయం. రెండోది, గేటు లోపలికి పిలిచిన సమయం. రాత్రి ఇక్కడికి వచ్చేముందు ఎక్కడైనా ఆగి ఉన్నవాళ్లు, పెన్నులు కూడా బల్ల మీదే ఉన్నాయి, మొదటి వరస ఇప్పుడే రాసేయండి.